రాతినార

ప్రొద్దుటూరు వాళ్లకు బొంబాయి పరాయి ఊరు కాదు. పత్తి, బంగారం... ఈ రెండు వ్యాపారాల పుణ్యమా అని ‘రెండో బొంబాయి’ అన్న పేరు ఊరికి ఎప్పుడో స్థిరపడిపోయింది. మరి ఆ అసలు బొంబాయిలో పత్తీ, బంగారం ఒకే ఓడలో చేరి రేవునంతా బుగ్గి చేసిన రోజు ఒకటుంది. 1944 ఏప్రిల్ 14.

ఓడ పేరు ఫోర్ట్ స్టికీన్. ఇంగ్లండు నుంచి 1,395 టన్నుల పేలుడు సామగ్రి, 124 బంగారు కడ్డీలు వేసుకుని బయల్దేరింది. దారిలో కరాచీలో ఆగి, ఖాళీ ఉన్న చోటల్లా పత్తి బేళ్లు కుక్కుకుంది. దాదాపు 8,700 బేళ్లు. మందుగుండు పక్కన పత్తి పెట్టకూడదని జిన్నింగు మిల్లు గేటు దగ్గర కూర్చునే ముసలాయన కూడా చెబుతాడు. కానీ అది యుద్ధకాలం. ఓడలు తక్కువ, సరుకు ఎక్కువ. విక్టోరియా డాక్‌లో సరుకు దించుతుండగా మధ్యాహ్నం పత్తిలోంచి పొగ లేచింది. నాలుగు దాటాక ఓడ పేలింది. అరగంట గడవకముందే మళ్లీ పేలింది. పక్కనే ఉన్న ‘జలపద్మ’ అనే ఓడ ఆ విసురుకి లేచి గోదాము కప్పు మీదికెక్కింది. మంట ఆర్పడానికి వచ్చిన ఫైర్ సిబ్బందిలో 66 మంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14న మన ఊళ్లలో ఫైర్ స్టేషన్ల వాళ్లు వారోత్సవాలు మొదలుపెట్టేది ఆ రోజు గుర్తుకే.

బంగారం సంగతి అందరూ చెప్పుకుంటారు. కడ్డీ ఒకటి ఎగిరొచ్చి ఓ ఇంటి కప్పు చీల్చుకుని పడిందని, 1970లలో కూడా రేవు పూడిక తీస్తుంటే దొరికిందని. చనిపోయిన మనుషుల లెక్క మాత్రం 800 అని ఒకచోట, 1,300 అని ఒకచోట ఉంటుంది. కడ్డీలకు నంబర్లున్నాయి. రేవు కూలీకి లేవు.

యుద్ధమంటే మనకు సైనికుడే గుర్తొస్తాడు. తుపాకీ లేకుండా యుద్ధంలోకి వెళ్లినవాడు మరొకడున్నాడు. సరుకు ఓడ కళాసీ.

కళాసీ, సరంగు, చుక్కాని, టిండేలు... ఈ మాటలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, ఇవి ఓడల మీంచి దిగినవని ఎవరికీ తోచదు. సరంగు అంటే ఓడ పై తట్టు మీది కూలీల మేస్త్రి. టిండేలు అతని కింద మేస్త్రి. భండారీ వంటవాడు. కింద ఇంజను గదిలో కొలిమి మండించేవాడు ఆగ్‌వాలా, బొగ్గు తోసేవాడు కోయిలావాలా, యంత్రాలకు నూనె పోసేవాడు తేల్‌వాలా. వీళ్లందరినీ కలిపి ఇంగ్లీషువాళ్లు ‘లాస్కర్’ అనేవారు. పర్షియన్‌లో దండుకి ఉన్న ‘లష్కర్’ అనే మాట పోర్చుగీసు వాళ్ల నోట్లో నలిగి అలా తయారైంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి బ్రిటిష్ సరుకు ఓడల్లో పనిచేసే నలుగురిలో ఒకరు మన దేశం వాళ్లే. ఎక్కువమంది సిల్హెట్, నోవాఖాలీ, గోవా, రత్నగిరి ప్రాంతాల నుంచి వెళ్లారు. తెలుగువాళ్లకు ఈ పని కొత్తేం కాదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టినా పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాడు ఎక్కడివాడైనా సరే, వాణ్ని ‘కోరంగి’ అనే పిలిచేవారు. రంగూను రేవులో మూటలు మోసింది, సంపాన్లు నడిపింది చాలావరకు ఆ కోరంగులే. మనవాళ్లు ‘రంగం పోతున్నా’ అని చెప్పి వెళ్లేది అక్కడికే.

సరే, అలా బయల్దేరిన ఒక కళాసీ బతుకు ఎలా ఉండేది?

ముందు అప్పు. ఓడలో పని కావాలంటే రేవులో దళారిని పట్టుకోవాలి. ‘ఘాట్ సరంగు’ అనేవారు. ఇంత ఇస్తే తప్ప పుస్తకంలో పేరెక్కదు. ఆ డబ్బు కోసం ఇంటి దగ్గర పొలమో, ఇల్లాలి మెడలోదో తాకట్టుకి వెళ్లేది. మొదటి ఆరు నెలల జీతం ఆ బాకీకే చెల్లు. కువైట్ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగిన కడప జిల్లా కుటుంబాలకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఓడెక్కాక పని బాయిలర్ల దగ్గర. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, మళ్లీ నాలుగు గంటలు. ఎర్ర సముద్రంలో ఓడ నడిచేటప్పుడు ఇంజను గది వేడి మన మే నెల ఎండని మరిపిస్తుంది. బొగ్గు గదిలోంచి బొగ్గుని చక్రాల బండిలో తోసుకొచ్చి కొలిమి ముందు పోయాలి. ఓడ ఊగుతుంటే బండి ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. పడుకునే చోటు తెల్ల నావికుడికి 72 ఘనపుటడుగులు ఉండాలని పాత చట్టం. కళాసీకి 36 చాలన్నారు. అంటే పెట్టెకన్నా కాస్త పెద్దది. జీతం దాదాపు నాలుగో వంతు. ఒకే ఓడ, ఒకే సముద్రం. ఈ తేడా ఎందుకని ఎవరైనా అడిగితే, వాళ్ల అవసరాలు తక్కువ కదా అన్నది కంపెనీల జవాబు.

ఆ జవాబు 1939 సెప్టెంబరులో చెల్లలేదు. యుద్ధం ప్రకటించిన రోజుల్లోనే లండన్, గ్లాస్గో రేవుల్లో కళాసీలు పని ఆపేశారు. జీతం రెట్టింపు చేయాలి, ప్రమాదానికి బోనసు ఇవ్వాలి అన్నారు. తర్వాత దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, బర్మా రేవులకూ సమ్మె పాకింది. వందల మందిని జైలుకి పంపారు. ఇక్కడ కలకత్తాలో ఆఫ్తాబ్ అలీ అనే ఒకప్పటి ఓడ కూలీ నాయకుడై వాళ్ల తరఫున బేరమాడాడు. కొంత సాధించారు కూడా. నిజానికి యుద్ధకాలంలో కార్మికులు గెలిచిన తొలి పోరాటాల్లో ఇదొకటి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

జీతం పెరిగినంత మాత్రాన టార్పెడో ఆగదు కదా. సబ్‌మెరైను గురి పెట్టేది ఓడ నడుముకి, నీటి మట్టానికి దిగువన. అక్కడుండేది ఇంజను గది. తప్పించుకునే దారి ఇనుప నిచ్చెన ఒక్కటే. అందుకే ఓడ మునిగితే మొదట పోయేది పైన చుక్కాని పట్టినవాడు కాదు, కింద కొలిమి మండిస్తున్నవాడు.

1940 సెప్టెంబరు 17 రాత్రి ‘సిటీ ఆఫ్ బెనారస్’ మునిగింది. మన కాశీ పేరు పెట్టుకున్న ఓడ. బాంబుదాడుల నుంచి కాపాడడానికి కెనడాకి తరలిస్తున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. 77 మంది పోయారు. లోకమంతా కన్నీరు పెట్టుకున్న వార్త అది. ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులన్నది ఆ వార్తల్లో అడుగున పడిపోయింది. నూలు బట్టలతో ఉన్నవాళ్లు ఉత్తర అట్లాంటిక్ చలిలో, సగం నీళ్లు నిండిన పడవల్లో తెల్లారేలోపే బిగుసుకుపోయారు. 12వ నంబరు పడవ ఒక్కటి మాత్రం ఎనిమిది రోజులు తేలింది. అందులో 46 మంది. ఆరుగురు పిల్లలు, వాళ్లని కనిపెట్టుకుని ఒక టీచరమ్మ, ఒక ఫాదరు, కొద్దిమంది తెల్ల నావికులు. మిగిలిన 30 మందికి పైగా కళాసీలు. విమానం కంటపడి బతికి బయటపడ్డారు. ఆరుగురు పిల్లల పేర్లు, ఫొటోలు పత్రికల నిండా వచ్చాయి. ఇంకో 30 మంది కూడా ఎనిమిది రోజులు అదే దప్పిక పడ్డారన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంకో కష్టం ఉంది. ఓడ మునిగిన రోజుతోనే జీతం ఆగిపోవడం చాలా కంపెనీల్లో అప్పటి ఆనవాయితీ. పడవలో తేలుతున్న ఎనిమిది రోజులూ నాగా కిందే లెక్క. బ్రిటన్‌లో ఆ పద్ధతి 1941లో మారింది.

యుద్ధం మన ఒడ్డుకీ వచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. రేవు ఒక్క రోజులో ఖాళీ అయింది. లక్షల మంది అడవుల వెంట, కొండల వెంట నడిచి ఇండియా చేరారు. వాళ్లలో మన తెలుగు కూలీలు వేలకు వేలు. 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాను నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడి రెండు మూడు రోజుల్లో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. బతికినవాళ్లు పడవల్లో ఒడిశా తీరానికి కొట్టుకొచ్చారు. ఆ కబురుకి మద్రాసు సగానికి సగం ఖాళీ అయి, జనం మూటా ముల్లె సర్దుకుని లోపలి జిల్లాలకు రైలెక్కారు. మద్రాసు నుంచి వచ్చే బండి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగానే కదా పోయేది. సముద్రం ఎరగని జమ్మలమడుగు మగ్గాల వాడలకు యుద్ధం తెలిసింది నూలు కరువులో, కిరసనాయిలు కరువులో, బర్మా బియ్యం ఆగిపోవడంలో. ఆ బియ్యం తెచ్చేదీ, ఆ నూనె తెచ్చేదీ కళాసీయే.

మొత్తం యుద్ధంలో దాదాపు 6,600 మంది భారతీయ ఓడ కార్మికులు చనిపోయారు. 1,200 మందికి పైగా ఖైదీలయ్యారు. ముంబై మస్జిద్ బందర్ దగ్గర ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో వీళ్ల పేర్ల పుస్తకం ఉంది. అలాంటిదే మరో ప్రతి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంది. చనిపోయేటప్పుడు వాళ్లది ఒకే దేశం. తర్వాత దేశం విడిపోయింది కాబట్టి పుస్తకం రెండయింది. సముద్రంలో పోయినవాడికి సమాధి ఉండదు, అందుకని పేరు రాసిన ఆ కాగితమే సమాధి.

మరి బతికినవాళ్లు?

యుద్ధం తర్వాత బొగ్గు ఓడలు తగ్గి, నూనెతో నడిచేవి వచ్చాయి. బొగ్గు తోసేవాడితో పని తీరిపోయింది. కొందరు సిల్హెట్ వాళ్లు లండన్‌లో దిగిపోయి హోటళ్లు పెట్టుకున్నారు. కొందరు బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల్లో చేరారు. ఇక్కడున్నవాళ్లు రేవుల్లో, షిప్‌యార్డుల్లో ఫిట్టర్లుగా, బాయిలరు మేస్త్రీలుగా, పైపులు చుట్టేవాళ్లుగా కుదురుకున్నారు. విశాఖలో సింధియా కంపెనీ షిప్‌యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి పంపారు. బొంబాయిలో గోదాము మీదికెక్కిన జలపద్మ కూడా ఆ సింధియా కంపెనీ ఓడే.

‘పైపులు చుట్టేవాళ్లు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే కథ ఇక్కడ పులివెందులకి మళ్లుతుంది.

ఓడ ఇంజను గదిలో ఆవిరి పైపులు ఎర్రగా కాలుతుంటాయి. వేడి వృథా కాకుండా, మనిషికి తగిలి కాలకుండా వాటికి మందంగా పట్టీ చుడతారు. ఆ పట్టీ రాతినారతో చేసింది. ఆస్‌బెస్టాస్. రాయిలో పుట్టే నార. నిప్పులో వేసినా కాలదు, దూదిలా ఏకవచ్చు, దారంలా వడకవచ్చు. యుద్ధంలో కట్టిన ప్రతి ఓడలో ఇది టన్నుల కొద్దీ ఉండేది. బాంబు అదురుకి, తుపాను కుదుపుకి ఆ పట్టీలు రాలి తెల్లటి పొడి అయ్యేది. కళాసీ ఆ పొడి కిందే పనిచేశాడు, ఆ పొడి పట్టిన చొక్కాతోనే నిద్రపోయాడు. ఒడ్డున కుదురుకున్నాక చేతులతో అదే నార కలిపి పైపులకు మెత్తాడు.

మన దేశంలో మేలు రకం రాతినార దొరికిన చోట్లలో ముఖ్యమైనది పులివెందుల పక్క కొండలు. బ్రాహ్మణపల్లె, లోపట్నూతల వైపు. కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల్నుంచి కరిగిన నల్లరాయి వచ్చి అక్కడి సున్నపురాతి పొరల మధ్య దూరింది. ఆ వేడికి సున్నపురాయి అంచు పచ్చరాయిగా మారి, దాని చీలికల్లో పట్టులాంటి తెల్ల నార పుట్టింది. ఆ సున్నపురాతికి ప్రపంచంలో భూగర్భ శాస్త్రవేత్తలందరూ వాడే పేరు ఏమిటో తెలుసా? వేంపల్లె! కడప నుంచి పులివెందుల బస్సులో పోతుంటే వచ్చే ఆ వేంపల్లే. దత్తమండలాల రాతినార మీద కూల్సన్ అనే జియాలజిస్టు రాసిన గ్రంథాన్ని భారత భూగర్భ సర్వే సంస్థ 1934లో అచ్చువేసింది. అంతకుముందు ఏడాదే మన ముగ్గురాయి మీద ఆయన రాసిన పుస్తకమూ వచ్చింది. నేల కింద ఏముందో దొరలు చాలా శ్రద్ధగా రాసుకున్నారు.

ఇక్కడి నారలో ఇనుము తక్కువ. కరెంటు పనులకు బాగా పనికొస్తుందని పేరు. ఉత్పత్తి పెద్దదేమీ కాదు. రాయిని తవ్వి, పైకి తెచ్చి, సుత్తెలతో కొట్టి, నారని పొడవు వారీగా ఏరడం. పెద్ద యంత్రాలతో పని లేదు, సుత్తి, చేట, ఊపిరితిత్తులు ఉంటే చాలు. కరువు సీమలో వానకు ఎదురుచూడకుండా దొరికే కూలి అది. వద్దనేవాళ్లెవరు?

ఈ నార మనిషిని ఏం చేస్తుందో అప్పటికి తెలియదా అంటే, తెలుసు. ఇంగ్లండులో రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా అనే ఆమె 1924లో 33 ఏళ్లకే చనిపోయింది. ఊపిరితిత్తుల నిండా నారే. 1930లో ప్రభుత్వ విచారణ జరిగింది, 1931లో నిబంధనలు వచ్చాయి. కానీ అవి మిల్లులకే. ఓడలో పైపు కింద పడుకునేవాడికి వర్తించవు. కడప కొండల్లో సుత్తి పట్టినవాళ్ల ఊసే లేదు. ఫోర్ట్ స్టికీన్‌లో మందుగుండు పక్కన పత్తి పెట్టినట్టే ఇదీ. తెలియక చేసింది కాదు, పని ఆగకూడదని చేసింది.

రాతినారకి ఓపిక ఎక్కువ. కంటికి కనపడని ముక్క ఊపిరితిత్తిలో దిగి 20 ఏళ్లు, 30 ఏళ్లు, ఒక్కోసారి 50 ఏళ్లు కూర్చుంటుంది. తర్వాత ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం. చూసినవాళ్లు క్షయ అనుకుంటారు. లేదా బీడీలు తాగాడు కదా అంటారు. ఊపిరితిత్తి పొరకి వచ్చే మెసోథీలియోమా అనే కేన్సర్‌కీ ఈ నారకీ సంబంధం ఉందని దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టరు, ఆయన తోటివారు 1960లో తేల్చారు. తర్వాత నాలుగేళ్లకి న్యూయార్క్‌లో డాక్టర్ సెలికాఫ్ పైపులు చుట్టే కార్మికుల యూనియన్ రికార్డులు తిరగేసి, వాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ చావులు మామూలుకన్నా ఎన్ని రెట్లు ఎక్కువో లెక్క చూపించారు. యుద్ధంలో టార్పెడోని తప్పించుకున్నవాళ్లు, షిప్‌యార్డుల్లో చెమటోడ్చినవాళ్లు 1960ల తర్వాత ఇళ్లలో మంచాల మీద పోవడం మొదలుపెట్టారు. ఆ చావులు ఏ యుద్ధ స్మారక పుస్తకంలోకీ ఎక్కవు.

బ్రిటన్ 1999లో రాతినారని పూర్తిగా నిషేధించింది. 2005 చివర్లో ఫ్రాన్స్ తన పాత యుద్ధనౌక క్లెమెన్సోని విడగొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్‌కి పంపింది. అందులో టన్నుల కొద్దీ రాతినార ఉందని గొడవ లేచాక దారిలోంచి వెనక్కి పిలిపించుకుంది. అంతకుముందు అలాంటి ఓడలు ఎన్ని వచ్చి విరిగాయో!

మన దగ్గర కేంద్రం రాతినార గనులకు 1986లో కొత్త లీజులు, 1993లో పాత లీజుల పొడిగింపు ఆపేసింది. తవ్వడం ఆగింది గానీ వాడడం ఆగలేదు. విదేశాల నుంచి ఓడల్లో దిగుమతి అవుతూనే ఉంది. పశువుల కొట్టం మీద, వంటింటి వసారా మీద వేసుకునే సిమెంటు రేకులో ఉండేది అదే. రేకు కప్పు మీద కుదురుగా ఉన్నంతవరకు పెద్ద ఇబ్బంది లేదు. రంపంతో కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, పగిలిన ముక్కల్ని నలగ్గొట్టి గుంటలు పూడ్చినప్పుడు లేచే దుమ్ముతోనే. కోయక తప్పకపోతే ముందు నీళ్లు కుమ్మరించాలి, మూతికి సరైన మాస్కు కట్టాలి. రేకులు బిగించే కుర్రాళ్లకి ఈ మాట చెప్పే షాపు అరుదు.

1995లో సుప్రీంకోర్టు ఈ పనివాళ్ల విషయంలో ఒక తీర్పు చెప్పింది. రాతినార పనిలో ఉన్న ప్రతి మనిషి ఆరోగ్యం రికార్డుని, పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు యజమాని భద్రపరచాలంది. జబ్బు తేలితే లక్ష రూపాయల పరిహారం చెల్లించాలంది. గని మూతపడ్డా నార మూతపడదని కోర్టుకి అర్థమైంది కాబట్టే అన్ని ఏళ్లు.

20 ఏళ్ల వయసులో 1986లో ఆ కొండల్లో సుత్తి పట్టిన మనిషి ఉంటే, 2026లో అతనికి 60. దగ్గు వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లినా డాక్టరు మొదట అడిగేది బీడీ గురించే. 40 ఏళ్ల కిందట ఏం పని చేశావయ్యా అని కూడా అడగాలి. అడగకపోయినా ఆ మనిషే చెప్పాలి.